మూడు వేదికలు, ఒకే కలం



ఈ సాహిత్య సదస్సులో మాట్లాడమని కార్యకర్తలు అడిగినప్పుడు నేను కాస్త తటపటాయించాను. నా చదువు ఇంజనీరింగు, పొట్టకూటికి చేసేది సాఫ్ట్‌వేరు. "పాఠకుడివి కదా, అది చాలు" అన్నారు. ఆ ధైర్యంతోనే గొల్లపూడి మారుతీరావు గారి గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనలో చాలామందికి ఆయన వెండితెర మీది నటుడుగానే తెలుసు. 1982లో కోడి రామకృష్ణ గారి తొలి చిత్రం 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో నటుడయ్యారు. ఆయన పుట్టింది 1939లో. అంటే నలభై దాటాక ముఖానికి రంగు వేసుకుని, రెండువందల యాభైకి పైగా సినిమాల్లో నటించారన్నమాట. "ఈ వయసులో ఇంకేం మొదలుపెడతాం లెండి" అనుకునే నా ఈడు వాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఆయనా మనలాగే సైన్సు చదువుకున్నవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువయ్యాక 1959లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడుగా చేరారు. తర్వాత ఆకాశవాణికి వెళ్ళి, ఒరిస్సాలోని సంబల్‌పూర్ నుంచి కడప దాకా బదిలీల మీద తిరిగారు. ఆ ఉద్యోగం చేస్తూనే నాటకాలు, నవలలు, కథలు రాశారు. 1962 చైనా దురాక్రమణ నేపథ్యంలో 'వందేమాతరం' నాటకం రాశారు. 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'తో సినిమా రచనలో అడుగుపెట్టారు. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' నవలే ఆ సినిమాకు ఆధారం. ఒకరి నవలను తెరకు తగ్గట్టు మలచడం ఆయన తొలి సినిమా పాఠమైంది.

మా వృత్తిలో ఒకే ప్రోగ్రామును ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మార్చాలంటే సగం తిరగరాయాలి. సాహిత్యమూ అంతే. నవలలో మనిషి మనసులోకి వెళ్ళి పది పేజీలు కూర్చోవచ్చు. నాటకంలో ఆ మనసు మాటల్లోనో చేతల్లోనో బయటపడాలి. రేడియోలో ఉన్నదంతా శబ్దమే. సినిమాలో కెమెరా చూపించేసిన దాన్ని మళ్ళీ మాటల్లో చెబితే ప్రేక్షకుడు ఆవులిస్తాడు.

ఇందుకు ఆయన 'కళ్ళు' నాటకమే మంచి ఉదాహరణ. గుడ్డి బిచ్చగాళ్ళ గుంపులో ఒకడికి చూపు వస్తుంది. దాంతోపాటే స్వార్థమూ వస్తుంది. రంగస్థలం మీద మాటే ప్రాణం కాబట్టి, చూపులేని వాళ్ళ లోకం అక్కడ చక్కగా ఒదిగింది. 1988లో ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు గారు దర్శకుడుగా మారి దాన్ని సినిమా తీశారు. చూపులేని మనుషుల కథను చూపించడమే పనిగా ఉన్న కెమెరాతో చెప్పడం ఎంత కష్టమో ఊహించండి! అయినా అది నిలిచిందంటే, మూలంలో ఉన్న ప్రశ్నలో బలం ఉండబట్టే.

ఆయన జీవితంలో అతి పెద్ద దెబ్బ 1992లో తగిలింది. కుమారుడు శ్రీనివాస్ తన మొదటి సినిమా 'ప్రేమ పుస్తకం' తీస్తూ, చిత్రీకరణలోనే ప్రమాదానికి గురై కన్నుమూశాడు. ఆ సినిమాను తండ్రే పూర్తి చేశారు. కొడుకు పేరిట, దేశంలో ఏ భాషలోనైనా తొలి సినిమా తీసిన దర్శకుల్లో ఉత్తముడికి ఏటా పురస్కారం ఇచ్చే ఏర్పాటు చేశారు. 'తారే జమీన్ పర్' తీసిన ఆమిర్ ఖాన్ కూడా దాన్ని అందుకున్నవారే. తన బిడ్డ తొలి అడుగులోనే ఆగిపోతే, ఊరూ భాషా తెలియని బిడ్డల తొలి అడుగుకు చేయూతనిచ్చిన తండ్రి ఆయన. పిల్లలున్న వాళ్ళం, దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆయన 'సాయంకాలమైంది' నవలను మనం తప్పక చదవాలి. తరాలు మారుతున్న కొద్దీ ఒక శ్రీవైష్ణవ కుటుంబంలో ఏమేం జారిపోయాయో చెప్పే కథ అది. అందులో అమెరికా ప్రయాణమూ ఉంది. చదువుతుంటే కోపం వస్తుంది, "మా కష్టాలు ఈయనకేం తెలుసు" అనిపిస్తుంది. పుస్తకం మూశాక మాత్రం ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఫోను చేయబుద్ధవుతుంది.

2019 డిసెంబరులో చెన్నైలో ఆయన కన్నుమూశారు. ఆయన్ని తలుచుకుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే సరిపోదు. మన సభల్లో నాటకానికి దక్కేది తరచు తారల కార్యక్రమానికి ముందు మిగిలిన అరగంటే. వచ్చే సభల నాటికి ఇక్కడి మన బతుకు మీద, ఇక్కడి వాళ్ళే రాసిన ఒక్క కొత్త నాటకానికి పెద్ద వేదిక మీద పూర్తిగా ఒక గంట ఇవ్వండి. రాయడానికి నలభై ఏళ్ళు దాటినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. వేషాలకు మన పిల్లలున్నారు. ఆ నాటకం కోసమైనా వాళ్ళు తెలుగు మాటలు కంఠస్థం చేస్తారు.