సంతకం పెట్టే ముందు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, మన హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కలుస్తున్నాం. అదే కోర్టు రోగుల హక్కు గురించి కూడా చెప్పింది. ఈ వయసులో మనకు ఆసుపత్రులతోనే పని ఎక్కువ గనుక ఆ సంగతి మనవి చేస్తాను.

ఒక మహిళ పరీక్ష కోసం ఆసుపత్రిలో చేరారు. ఆమె మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇది తప్పన్నది. ప్రాణాపాయం లేనప్పుడు తెలివి వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. పరీక్షకు ఇచ్చిన అంగీకారం చికిత్సకు చెల్లదు అన్నది.

ఆ తీర్పు ప్రకారం డాక్టరు ముందుగా చెప్పవలసినవి ఇవి: చేయబోయేది ఏమిటి, ఎందుకు, మేలెంత, వేరే మార్గాలున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది. ఎక్కడో అరుదుగా వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు.

రెండేళ్ల క్రితం మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అన్నారు. ముందురోజు రాత్రి నర్సు ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీలు తెచ్చి, “ఇక్కడ సంతకం పెట్టండి తాతగారూ” అంది. నోట్ ఫైలు చదవకుండా ఇనీషియల్ వేయని చెయ్యి నాది. “అమ్మా, సంతకం ఆవిడది. ఆవిడకు తెలుగులో చెప్పించు” అన్నాను. పొద్దున డాక్టరుగారు వచ్చి పావుగంట కూర్చుని చెప్పారు. షుగరు ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువని అప్పుడే తెలిసింది. షుగరు అదుపులోకి వచ్చాకే చేయించుకుంటానని ఆవిడ చెప్పింది. మూడు నెలల తరువాత చేయించుకుంది. ఇప్పుడు గుడిమెట్లు ఎక్కుతోంది.

జబ్బు నయం కానంత మాత్రాన డాక్టరుది నిర్లక్ష్యం అనలేం. నిజంగా నిర్లక్ష్యమే జరిగితే మాత్రం దారి ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు వచ్చింది. ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన. కాగితాలు భద్రం చేసుకోవడం మనకెవరూ నేర్పనక్కరలేదు కదా!

వైద్యులను గౌరవిద్దాం. అర్థం కానిది అడుగుదాం. తెలిశాకే సంతకం పెడదాం.

సెలవు.