మాల్దీవులలో మన రాయబారులు



రాయబారమన్న మాట వినగానే మనకు కౌరవసభలో నిలిచిన శ్రీకృష్ణుడు జ్ఞప్తికి వచ్చును. ఆయన పోయి, చెప్పవలసినది చెప్పి, మరలివచ్చెను. నేటి రాయబారి యట్లు కాదు. పరదేశమున ఇల్లు తీసికొని, ఏండ్ల తరబడి అచ్చటివారి నడుమ కాపురముండవలెను. అందును పెద్ద దేశపు రాయబారి చిన్న దేశమున కాపురముండుట మిక్కిలి కష్టము. మాటాడినచో పెత్తనమందురు, మాటాడకున్న నిర్లక్ష్యమందురు. మాల్దీవులకు వెళ్లిన మన రాయబారుల చరిత్ర చదివినప్పుడు నాకీ సంగతి బాగుగా బోధపడినది.

లక్షద్వీపములకు దక్షిణమున, హిందూమహాసముద్రములో, సుమారు 1,200 పగడపు దీవులు కలవు. జనులు నివసించునవి వానిలో 200కు లోపే. ముఖ్యపట్టణము మాలె. ఆంగ్లేయుల రక్షణనుండి విడివడి ఈ దేశము 1965 జూలై 26వ తేదీన స్వతంత్రమైనది. దానిని ముందుగా గుర్తించిన దేశములలో మనది యొకటి. అయినను తొలియేండ్లలో మాలెలో మన కచేరి లేదు. కొలంబోలోని మన రాయబారియే ఆ దీవుల పనియు చూచుకొనెడివాడు. పొరుగూరి కరణమునకు మన యూరి లెక్కలు కూడ అప్పగించినట్లుండెనని నా తలంపు. 1972లో మాలెలో కచేరి తెరచి చిన్నహోదా గల ప్రతినిధిని ఉంచిరి. పూర్తిహోదా గల రాయబారి అక్కడనే కాపురముండుట 1980లో మొదలైనది.

బిరుదు మాట యొకటి చెప్పవలెను. కామన్వెల్తు కూటమిలోని దేశములు ఒండొంటికి పంపుకొను రాయబారిని హైకమిషనరందురు. ఇతర దేశములకు పంపువానిని అంబాసిడరందురు. మాల్దీవులు 1982లో ఆ కూటమిలో చేరి, 2016లో విడిచి, 2020లో మరల చేరినవి. కావున సంజయ్ సుధీర్ అను మన రాయబారి 2019లో అంబాసిడరుగా వెళ్లి, అక్కడ నుండగనే హైకమిషనరయ్యెను. గుమ్మముపై పలక మారినది గాని లోపలి పని మారలేదు.

ఆ పని యెట్టిదో 1988 నవంబరు 3వ తేదీన తెలిసివచ్చినది. ఆనాటి వేకువను అబ్దుల్లా లుతుఫీ అను మాల్దీవుల వర్తకుడు, శ్రీలంకనుండి తెచ్చుకొన్న సుమారు 80 మంది తమిళ సాయుధులతో మాలెపై పడెను. అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ ప్రాణభయమున దాగి, సాయము కోరెను. మన హైకమిషనరు అరుణ్ బెనర్జీ ఆ వేళకు ఢిల్లీలో నుండెను. ఉండవలసిన చోట లేడని మనము తప్పుపట్టవచ్చును. కాని అదియే మేలైనది. ఆగ్రాలో పారాచూటు సైనికులు పయనమగుచు, దిగవలసిన విమానాశ్రయపు చిత్రమని యొకటి ముందు పెట్టుకొనియుండిరి. బెనర్జీ దానిని చూచి, ఇది మాలె ప్రక్కనున్న హుల్హులే కాదు, గాన్ అని చెప్పెను. గాన్ దక్షిణమున 300 మైళ్లకు పైబడిన దూరముననున్న దీవి. ఆంగ్లేయుల పాత విమానస్థావరము. హుల్హులేలో పలుమారులు దిగి యెక్కినవాడు గనుక ఆయన కనిపెట్టగలిగెను. లేనిచో ఆ రాత్రి ఏమి జరిగియుండునో తలచిన భయము వేయును.

పిమ్మట ఆయనయు సైనికులతో ఆ విమానమే యెక్కెను. 2,000 కిలోమీటర్లకు పైగా ఎచ్చటను ఆగక పోయి, ఆ రాత్రియే హుల్హులేలో దిగిరి. తెల్లవారకముందే గయూమ్ సురక్షితుడయ్యెను. బందీలతో ఓడనెక్కి పారిపోయిన దుండగులను సముద్రముపై అడ్డగించిన మన యుద్ధనౌకలలో నొకదాని పేరు గోదావరి. ఆ పేరు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమును దాచను.

ఇంత యుపకారము చేసినవారి కాపురము సుఖముగా సాగెననుకొనవలదు. శ్రీకాకుళము సీమకు చెందిన జి.ఎం.రావు స్థాపించిన సంస్థకు 2010లో అప్పగించిన మాలె విమానాశ్రయమును 2012లో వెనుకకు తీసికొనిరి. ఆ దినములలోనే అధ్యక్షుని ప్రతినిధి యొకడు బహిరంగసభలో మన హైకమిషనరు జ్ఞానేశ్వర్ ములేను నిందించెను. 2013 ఫిబ్రవరి 13వ తేదీన, కోర్టు పట్టుకొనిరమ్మన్న మాజీ అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ తిన్నగా ములే కచేరిలోనికి వచ్చి శరణుజొచ్చెను. గడప లోపలికి వచ్చినవానిని గెంటరాదు. పొరుగుదేశపు న్యాయస్థానమును ధిక్కరింపరాదు. నషీద్ 23వ తేదీ వరకు లోపలనే యుండెను. ఈలోగా మనవారు ఇరుపక్షములతోను సంప్రదింపులు సాగించిరి. తుదకు ఆయన తానై వెలుపలికి వచ్చెను. మార్చిలో ఆయనను నిర్బంధించిరనుటయు నిజమే. ఇంతకంటె చేయగలిగినది కలదా యని నేను చాల ఆలోచించితిని, నాకు తోచలేదు.

2023లో అధ్యక్షుడైన మహమ్మద్ ముయిజ్జు, మన సైనికులు తన దేశమున నుండరాదని పట్టుపట్టెను. రోగులను దీవులనుండి ఆసుపత్రికి చేర్చు హెలికాప్టరులను నడుపువారే వారిలో పెక్కురు. ఇల్లు వారిది, పొమ్మన్న పోవలెను. 2024 మే 10వ తేదీలోగా సైనికులు మరలివచ్చిరి. యంత్రములు అక్కడనే యుండెను. వానిని నడుపుటకు సైనికులు కాని నిపుణులు వెళ్లిరి. మరుసటి యేట, 2025 జూలై 26వ తేదీన, మాలెలో స్వాతంత్ర్యపు 60వ వార్షికోత్సవము జరిగినది. ఆనాడు ముయిజ్జు పిలుపుపై గౌరవ అతిథిగా వెళ్లినవారు భారత ప్రధానమంత్రి.