ఫోను మోగితే మీ ఖాతా తెరుచుకోవాలంటే

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల యూనియన్ ఆఫీసుల్లో టెలిఫోనును కంప్యూటరుకు కలిపే పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది గుమాస్తాల సంగతి అనుకోవద్దు. మన పశువుల సంగతి, పాల డబ్బు సంగతి.

పశువు ఉదయం ఎదకు వస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మరునాటి ఉదయం సూది వేయించాలని మీకు తెలుసు. ఆ పూట మీరు చేసిన ఫోను ఎవరూ ఎత్తకపోయినా, ఎత్తినవారు ఊరి పేరు తప్పు రాసుకున్నా ఆ ఎద పోయినట్లే. మళ్లీ దాదాపు 21 రోజులు ఆగాలి. మేత ఖర్చు మాత్రం ఆగదు.

ఫోనును కంప్యూటరుకు కలిపిన ఆఫీసులో ఏమి జరుగుతుంది? ఫోను మోగేటప్పుడే పిలిచినవారి నంబరు ఈపీఏబీఎక్స్ పెట్టెకు అందుతుంది. పెట్టె దానిని కంప్యూటరుకు అందిస్తుంది. కంప్యూటరు సభ్యుల రిజిస్టరులో ఆ నంబరు వెతికి, సభ్యుని పేరు, సంఘం, పాల లెక్క తెర మీద చూపుతుంది. ఎత్తని ఫోను కూడా సమయంతో సహా నమోదవుతుంది. గుమాస్తా తిరిగి పిలవవచ్చు.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. ఇందుకు కావలసిన ఉమ్మడి పద్ధతిని 1993లోనే మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కంపెనీలు తెచ్చాయి. 1999లో మార్క్ స్పెన్సర్ అనే అమెరికా యువకుడు ఆస్టరిస్క్ అనే ప్రోగ్రాము తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దానితో మామూలు కంప్యూటరే ఎక్స్ఛేంజిగా పనిచేస్తుంది. కావున చిన్న ఆఫీసుకు కూడా ఇది అందని సౌకర్యం కాదు.

అయితే మూడు జాగ్రత్తలు అవసరం.

ఒకటి: రిజిస్టరులో ఉన్నదే కంప్యూటరుకు తెలుస్తుంది. సభ్యత్వం తండ్రి పేర, ఫోను కొడుకు చేతిలో ఉంటే ఆ సంగతి రాయించాలి. సిమ్ము మారితే చెప్పాలి. ఒకరి నంబరు ముందు సున్నా, మరొకరి నంబరు ముందు 91 రాస్తే వెతుకులాట తప్పిపోవచ్చు. కార్యదర్శులు అందరికీ 10 అంకెలే రాయాలి.

రెండు: ఫోను నంబరు సంతకం కాదు. మీ ఫోను మరొకరి చేతిలో ఉండవచ్చు. వేరొకరి నంబరు కనిపించేటట్లు పిలిచే మోసగాళ్లూ ఉన్నారు. కావున బ్యాంకు ఖాతా మార్పు ఫోను మీద చేయరాదు. సంఘంలో సంతకంతో అర్జీ ఇవ్వవలసిందే.

మూడు: కరెంటు పోతే కంప్యూటరు ఆగుతుంది. బల్ల మీద విడిగా ఒక ఫోను, ఒక నోటుపుస్తకం ఉండాలి.

వచ్చే చెల్లింపు రోజున చీటీ తీసుకునేటప్పుడే మీ నంబరు రిజిస్టరులో సరిగా ఉన్నదో లేదో కార్యదర్శిని అడిగి చూసుకోండి. తనిఖీకి వచ్చినప్పుడు నేను మొదట అడిగే పుస్తకమూ అదే.