అమ్మకు చదువు అబ్బలేదా?

(కోవిల్‌పట్టిలో జరిగిన ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడు దరఖాస్తులు పరిశీలించే పని నాకు అప్పగించారు. మార్కులు చూశాను, ఆదాయం చూశాను. "తల్లి చదువు" అనే గడి దగ్గర మాత్రం ఆగిపోయాను. రెండో తరగతి, మూడో తరగతి, లేకపోతే ఒట్టి గీత. ఎందుకమ్మా అని అడిగితే ఒక తల్లి నవ్వి, "నాకు చదువు అబ్బలేదు సార్" అన్నారు. మన ఇళ్ళలో చాలామంది తల్లులు, అమ్మమ్మలు ఈ మాటే అంటారు. అది నిజం కాదని చెప్పడానికే ఈరోజు మైకు ముందుకు వచ్చాను.

మన కరిసల్ పల్లెల్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని "తీప్పెట్టి ఆఫీసు" అంటాం. ఆఫీసంటే కుర్చీ, బల్ల, ఫ్యాను ఉంటాయనుకుంటారు తెలియనివాళ్ళు! 1970లలో, 1980లలో ఆ ఆఫీసు బస్సు తెల్లవారకముందే ఊళ్ళోకి వచ్చేది. ఎక్కే పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ. చట్రాల్లో పుల్లలు పేర్చడం, పెట్టెలు అతికించడం, లేబుళ్ళు అంటించడం వాళ్ళ పని. ఎన్ని చట్రాలు నిండితే అంత కూలి. చీకట్లో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే పిల్ల బడి మొహం ఎప్పుడు చూస్తుంది? వానలు మొహం చాటేసిన ఏడు ఇంట్లోవాళ్ళు అడ్వాన్సు తీసుకుని ఉంటే, మానేస్తానని అనే వీలు కూడా ఆ పిల్లకు ఉండేది కాదు.

కామరాజర్ గారు విరుదునగర్ బిడ్డ. చిన్నప్పుడే బడి మానాల్సి వచ్చిన ఆయన, ముఖ్యమంత్రిగా 1956లో బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని మన పక్కనున్న ఎట్టయాపురంలోనే మొదలుపెట్టారు. బడిలో అన్నం ఉన్న సీమలోనే మన ఆడపిల్లలు బస్సెక్కారు.

చట్టం లేక ఇలా జరిగిందా? 1938 నాటి చట్టమే అగ్గిపెట్టెల తయారీని పిల్లలతో చేయించకూడని పనుల్లో చేర్చింది. 1950 నుంచి రాజ్యాంగం 24వ అధికరణం 14 ఏళ్ళలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో పెట్టరాదంటోంది. అయినా 1985 డిసెంబరు నాటికి శివకాశి ప్రాంతంలోని 221 అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో 27,338 మంది పనివాళ్ళుంటే, అందులో 2,941 మంది పిల్లలని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. ఇది రిజిస్టరైన ఫ్యాక్టరీల లెక్క మాత్రమే. ఇంటి అరుగు మీద పెట్టెలు అతికించినవాళ్ళను ఎవరు లెక్కపెట్టారు?

న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1990లో ఒక తీర్పు, 1996 డిసెంబరు 10న మరో తీర్పు ఇచ్చింది. రెండోది గట్టిది. చట్టం మీరి పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకు యజమాని 20,000 రూపాయలు కట్టాలి, ఇంట్లో పెద్దవాళ్ళకు పని చూపాలి, చూపలేకపోతే ప్రభుత్వం 5,000 వేయాలి, పిల్లను బడికి పంపాలి అంది. మంచి తీర్పే. అయితే అది అప్పటికి పనిలో ఉన్న పిల్లల కోసం వచ్చింది. 1975లోనో 1980లోనో చట్రాలు పేర్చిన పిల్లలు అప్పటికే పెళ్ళిళ్ళై తల్లులయ్యారు. వాళ్ళకు పరిహారం సంగతి అటుంచండి, నీకు అన్యాయం జరిగిందమ్మా అన్న ఒక్క మాట కూడా ఆ తీర్పు వల్ల దక్కలేదు.

ఇంత ఆలస్యమయ్యాక న్యాయమేమిటని మీరు అడగవచ్చు. ధర్మపురి జిల్లా వాచాత్తి గిరిజనుల మీద 1992లో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది చేసిన అత్యాచారాలకు 2011లో శిక్షలు పడ్డాయి. నిందితులు 269 మందిలో అప్పటికే 54 మంది చనిపోయారు. మద్రాసు హైకోర్టు 2023లో ఆ శిక్షలను ఖాయం చేసింది. ఐర్లండులో మఠాల చాకిరేవుల్లో జీతం లేకుండా చాకిరీ చేసిన స్త్రీలకు 2002 నాటి పరిహార చట్టంలో చోటు దక్కలేదు. పట్టువదలక అడిగితే 2013లో ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు, అక్కడ గడిపిన కాలాన్ని బట్టి డబ్బూ ఇచ్చారు. వాళ్ళది నిర్బంధం, మనవాళ్ళది కూలి. రెండూ ఒకటని నేననను. కానీ ఆ క్షమాపణతో సిగ్గు పడాల్సింది ఎవరో తేలిపోయింది. మన తల్లుల విషయంలో అది ఇంకా తేలలేదు.

నేను ఏ యజమాని మీదా వేలు చూపడానికి రాలేదు. తనిఖీ చేయాల్సిన ప్రభుత్వమూ ఇందులో ఉంది. ఎవరు ఎవరిని అడగాలన్నా ముందు రుజువు కావాలి. ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో పిల్ల పేరు దొరకడం కష్టం. ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరులో దొరకవచ్చు: ఎప్పుడు చేరింది, ఎప్పుడు మానింది. సెలవుల్లో వెళ్ళి ఆ వివరం అడిగి రాసుకోండి. అమ్మను కూర్చోబెట్టి ఏ పని చేసింది, కూలి ఎంత, ఎన్నేళ్ళు చేసింది అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతపెట్టవద్దు. ఏ ఏడని అడిగితే చాలామందికి గుర్తుండదు. ఎంజీఆర్ ముఖ్యమంత్రి అయిన 1977కు ముందా, వెనకా? ఇందిరాగాంధీ పోయిన 1984లో ఆఫీసుకు వెళ్తున్నావా? విరుదునగర్ జిల్లా విడిపోయిన 1985కు నీకు పెళ్ళయిందా? అలా అడిగి చూడండి, చెబుతారు.