దిగొద్దంటే చాలదు, ఎందుకో చెప్పాలె



రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. కొత్త పిల్లలకు మేం ఇంతే చెప్పి ఊరుకునేవాళ్ళం. తలూపేవాళ్ళు. కాంట్రాక్టరు కసిరితే దిగేవాళ్ళు.

ఇప్పుడు కారణం చెబుతున్నాం. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గుడ్డు కంపు కొడతది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసనే తెల్వదు. కంపు పోయిందంటే గ్యాసు పోయిందని కాదు, పెరిగిందేమో! అది గాలికన్నా బరువు, అడుగునే ఉంటది. పడిపోయినోణ్ణి లాగబోయి దిగినోడూ అందుకే పడిపోతడు.

2023లో సుప్రీంకోర్టు ఇలాంటి చావుకు పరిహారం 30 లక్షలన్నది. మనకు బతుకు కావాలె. కారణం తెలిసినోడు మేస్త్రీని నిలదీస్తడు. మనకు చదువు దాచినోళ్ళే కారణమూ దాచిండ్రు. మనం దాచొద్దు.

జై భీమ్!