ఫెనీ ఎక్కడిది? ఎవరిది?

(స్త్రీల హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సారా మీద పోరాడిన వాళ్ళ సభలో సారాకున్న హక్కుల గురించి ప్రసంగమేమిటని పొద్దున ఒక అక్క అడిగింది. అడగవలసిన మాటే. 1992లో నెల్లూరు జిల్లాలో మా ఊరి సారా దుకాణం ముందు బైఠాయించిన ఆడవాళ్ళలో మా అమ్మ ఉంది. మరుసటి ఏడు, 1993 అక్టోబరు 1న, రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నేను తాగుడిని సమర్థించడానికి రాలేదు. ఒక చట్టం గీసిన గీతకు ఆడవాళ్ళ శ్రమ ఏ పక్కన పడిందో చెప్పడానికి వచ్చాను.

గోవాలో జీడిమామిడి పండు రసంతో కాచే సారాయే ఫెనీ. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే గోవా హద్దుల్లో కాచిన దానికే ఆ పేరు చెల్లుతుంది. పక్కనే మహారాష్ట్రలో అదే పండుతో, అదే పద్ధతిలో కాచినా ఫెనీ అని అమ్మకూడదు. మన పలాస తోటల్లో కాస్తే అది నాటుసారా, కాచినవాళ్ళ మీద కేసు. 2016లో గోవా ప్రభుత్వం ఎక్సైజు చట్టాన్ని సవరించి ఫెనీని తమ వారసత్వ పానీయంగా గుర్తించింది. ఆ చెట్టేమో పోర్చుగీసులు బ్రెజిల్ నుంచి తెచ్చినది! సరే, వారసత్వాలు చాలావరకు ఇలాగే తయారవుతాయి.

ఇక పని సంగతి చూడండి. ఫెనీకి చెట్టు మీద కోసిన పండు పనికిరాదు. పండి, తనంతట తాను రాలినదే కావాలి. మార్చి నుంచి మే దాకా కొండవాలు తోటల్లో వంగి వంగి ఆ పండ్లు ఏరేదీ, పిక్కను మెలితిప్పి వేరుచేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. నడుములు పోయే పని అది. తొక్కి రసం తీయడం, బట్టీ దగ్గర కాయడం మగవాళ్ళ చేతిలోకి పోతాయి. కాచే హక్కునేమో ఆబ్కారీ శాఖ జోన్లవారీగా వేలం వేస్తుంది. వేలంలో నిలబడాలంటే చేతిలో డబ్బుండాలి కదా!

భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది. అందులో ఉత్పత్తిదారు ఎవరో 2వ సెక్షను చెబుతుంది. సరుకు తయారుచేసేవాళ్ళు ఉత్పత్తిదారులు. ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్ళూ ఉత్పత్తిదారులే! నిప్పు ముట్టించని వ్యాపారి ఆ మాటలో ఇమిడాడు. పండు ఏరిన మనిషి ప్రస్తావన ఎక్కడా లేదు. ఫెనీ గుర్తింపు కోసం ముందుకొచ్చింది కూడా కాచేవాళ్ళ, సీసాల్లో నింపేవాళ్ళ సంఘమే. పేరుకు రేటు పెరిగితే ఆ పెరుగుదలలో వాటా అడగడానికి ఏరేవాళ్ళకు చట్టంలో చోటు లేదు. వాళ్ళకు దక్కేది కూలీ మాత్రమే.

ఇది ఒక్క ఫెనీ గొడవ కాదని చేనేతలో పనిచేసే చెల్లెళ్ళకు తెలుసు. పోచంపల్లికీ గుర్తింపు ఉంది. కండెలు చుట్టే ఆడమనిషి ఏ రిజిస్టరులో ఉంది?

ఒక పని మాత్రం చేయవచ్చు. 17వ సెక్షను కింద, తాను ఉత్పత్తిదారునని చెప్పుకునే ఎవరైనా అధీకృత వాడుకదారుగా నమోదు కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. రిజిస్ట్రీ చెన్నైలోనే ఉంది. కండెలు చుట్టేవాళ్ళతో మొదలుపెడదాం. కాదంటే, ఎందుకు కాదో కాగితం మీద రాసి ఇమ్మందాం.