ఇంజను మిస్సింగు – ముందుగా చూడవలసినవి



సాధారణంగా ఏటా జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. పిల్లాజెల్లాతో దాన్ని చూడవచ్చేవారు, పబ్లిక్ గార్డెన్సులో ఉద్యానశాఖ కార్యాలయానికి పనిబడి వచ్చేవారు సొంత కార్లలోనే బయలుదేరుతున్నారు. పెద్ద రోడ్డుమీద బండి బాగానే పరుగెత్తినట్లుంటుంది. నాంపల్లి స్టేషను దాటి, అబిడ్స్ చౌరస్తాలో సిగ్నలు దగ్గర ఆగేసరికి అసలు రోగం బయటపడుతుంది. బండి గడగడ వణుకుతుంది. పొగగొట్టంలో చప్పుడు ఒక వరుసన రాక, మధ్య మధ్య తప్పుతుంది. తొక్కితే ముందుకు పోదు. దీన్నే మెకానిక్కులు మిస్సింగు అంటారు.

నాలుగెద్దులు లాగే బరువును, ఒక ఎద్దు కాడి వదిలేస్తే తక్కిన మూడూ లాగవలసి వస్తుంది గదా! ఇదీ అంతే. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయటం లేదన్నమాట.

"ఎలాగో నడుస్తున్నది, చూద్దాంలే" అని ఊరుకోవద్దు. మండని పెట్రోలు సిలిండరు గోడమీది నూనెను కడిగేస్తుంది, అడుగునున్న నూనెలో కలిసి దాన్ని పలచన చేస్తుంది. కొత్త బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు ఆ పెట్రోలుతో వేడెక్కి పాడవుతుంది. చిన్న ప్లగ్గుతో పోయే ఖర్చు పంట డబ్బును మింగేదాకా పెరుగుతుంది. డ్యాష్‌బోర్డుమీద ఇంజను దీపం వెలిగి ఆరుతూ ఉంటే, వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి.

సిలిండరు మండాలంటే మూడు కావాలి: నిప్పురవ్వ, తగుపాళ్లలో గాలీ పెట్రోలూ, లోపల గట్టి ఒత్తిడి. వెతకటం కూడా ఈ వరుసనే సాగాలి. ఎందుకనగా మొదటిది చూడటం చవక, చివరిది చూడటం ఖరీదు.

మొదట, ఏ సిలిండరో తేల్చుకోవాలి. కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు ఉన్న పాత బండి అయితే, ఇంజను ఆపి ఒక ప్లగ్గు వైరు తీసి, దాని కొనను ఇంజను ఇనుముకు తగిలేట్లు కట్టి, కాసేపు నడపండి. చప్పుడు ఇంకా చెడితే ఆ సిలిండరు మంచిదే. ఏ మార్పూ లేకపోతే దొంగ అదే. ఇంజను నడుస్తుండగా వైరు ముట్టుకోవద్దు, అందులో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. కంప్యూటరు ఉన్న కొత్త బండిలో ఈ పని చేయకండి. మెకానిక్కు దగ్గర కోడు చదివే పరికరం ఉంటుంది. పి 0301 అంటే ఒకటో సిలిండరు, పి 0302 అంటే రెండోది. పి 0300 అయితే తప్పు ఒక్కచోటే లేదని అర్థం.

తరువాత, ఇంజను చల్లారాక, ప్లగ్గు చుట్టూ మట్టి ఊది, దాన్ని విప్పి చూడండి. లేత గోధుమరంగు ఆరోగ్యం. పెట్రోలు తడి ఉంటే నిప్పురవ్వ లేదని అనుమానించాలి. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. నూనె జిడ్డు ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉండవచ్చు. ఆ ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చండి. జబ్బు దానివెంట పోతే తప్పు ప్లగ్గుదే. పోకపోతే కాయిలునో, వైరునో అలాగే మార్చి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండూ కలిపి మారిస్తే ఏది దోషమో తెలియదు. ప్లగ్గు బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పి, తరువాతే పానా పెట్టాలి.

పల్లెలో మరో రెండు కారణాలున్నాయి. కొట్టంలో నిలిపిన బండి వైర్లను ఎలుకలు కొరుకుతాయి. పొలం బురద కడుగుతూ ఇంజనుమీద నీళ్లు కొడితే ప్లగ్గు గుంతల్లో నీరు నిలుస్తుంది. వైర్లు చూడండి, తడి ఆరబెట్టండి.

ఇవన్నీ బాగుంటే గాలి గొట్టాల పగుళ్లు, ఇంజెక్టరు చూపించాలి. ఆఖరున ఒత్తిడి కొలవాలి. ఒక సిలిండరులో తక్కువ వస్తే, అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు గాని గ్యాస్కెట్టు గాని చెడినట్లు. పక్కపక్క రెండింటిలో తక్కువైతే హెడ్ గ్యాస్కెట్టును అనుమానించాలి.

డీజిలు బండ్లకు ఈ ప్లగ్గులుండవు. వాటి ఇంధన గొట్టాల నట్లు మీరు వదులు చేయకండి. కొత్త డీజిలు ఇంజన్లలో ఆ ఒత్తిడికి నూనె చర్మంలోకి దూసుకుపోతుంది.

గ్రామసేవకులు కూడా ఈ వరుసను రైతులకు చూపాలి. ఎవరైనా "ఇంజను విప్పాలి" అంటే, "ఏ సిలిండరు? ప్లగ్గు మార్చి చూశారా? ఒత్తిడి ఎంత వచ్చింది?" అని అడగండి. ఈ మూడింటికీ జవాబు వచ్చిన తరువాతనే విప్పటానికి ఒప్పుకోండి.